ఈకల ఐసోటోపు పరీక్ష

వలస పాటపిట్ట ఎక్కడ ఈకలు తొడిగిందో, ఆ ఈకల్లోని ఐసోటోపులను కొలిచి అంచనా వేసే పద్ధతి ఇది. చలికాలంలో గోదావరి డెల్టా వరిగట్ల మీద, కోరింగ మడ అడవుల అంచున తోకలాడిస్తూ తిరిగే జిట్టంగుల్లో కొన్ని జాతులు ఉత్తరాది దూరదేశాల నుంచి వచ్చేవే. ఇరవై గ్రాముల చుట్టూ తూగే ఆ ప్రాణికి బరువైన ట్రాన్స్‌మిటర్ కట్టలేం. కాలికి ఉంగరం తొడిగినా, పిట్ట మళ్లీ ఎవరికైనా చిక్కితేనే కబురు.

ఈకకు ఆ బెడద లేదు.

ఈక కెరటిన్‌తో తయారవుతుంది. ఎదుగుదల ఆగాక అందులోని రసాయన గుర్తు దాదాపు చెక్కుచెదరదు. వాననీటిలో బరువైన హైడ్రోజన్, అంటే డ్యుటీరియం, సాధారణంగా ఉత్తరానికీ ఎత్తుకూ పోయేకొద్దీ తగ్గుతుంది. ఆ నీరు మొక్కకు, పురుగుకు, దాన్ని తిన్న పిట్టకు చేరుతుంది. ఉత్తర అమెరికా పాటపిట్టల ఈకలతో కీత్ హాబ్సన్, లెనార్డ్ వాసెనార్ 1997లో ఈ సంబంధాన్ని చూపించారు.

అయితే పిట్ట ఏ ఈకను ఏ కాలంలో మార్చుకుంటుందో ముందే తెలియాలి. ఇదే అసలు మెలిక. బ్లైత్ రీడ్ వార్బ్లర్ అనే వలస పిట్ట ఎదిగాక రెక్క ఈకలను శీతకాలపు విడిదిలోనే మార్చుకుంటుంది. ఆ కొత్త ఈక చెప్పేది సైబీరియా వానల కథ కాదు, మన వానలదే. పైగా ఫలితం ఒక ఊరిని చూపదు, విశాలమైన ప్రాంతాన్నే చూపుతుంది. ఇక ఈక కోసమైనా సరే, భారతదేశంలో అడవి పిట్టలను పట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి తప్పనిసరి.