అర్జీదారు ఎవరు?

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం మా వీధి చివరింటి అమ్మాయి ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చింది. దెందులూరులో మా అరుగు మీదికి ఇలాంటి కవర్లు రావడం కొత్తేమీ కాదు. నేను ప్లీడర్ని కాను, ఏలూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఇంగ్లీషు ఫారాలు చదివి చెప్తాననీ, డబ్బు తీసుకోననీ ఊళ్ళో అందరికీ తెలుసు. దళితపేట నించి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళినవాళ్ళ కాగితాలూ, మేడలున్న వీధుల నించి అమెరికా వెళ్ళిన కోడళ్ళ కాగితాలూ ఈ అరుగు మీదే కలుస్తాయి. మామూలుగా ఆ రెండు వీధులూ కలవవు.

ఆ అమ్మాయికి పెళ్ళయి మూడేళ్ళు. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హెచ్-1 వీసా మీద ఉన్నాడు. ఈమెది హెచ్-4. తమ్ముడి పెళ్ళికని ఇద్దరూ వచ్చారు. అర్జెంటు పని పడిందని అతను వారం ముందే వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆమె పాస్‌పోర్టు కూడా పట్టుకుపోయాడు. తరవాత ఫోను ఎత్తడం మానేశాడు. ఆమె వీసా గడువు తీరిపోయింది. కొత్త వీసా అడగాలంటే భర్త ఉద్యోగానికి అనుమతి ఇచ్చిన ఐ-797 నోటీసు చూపించాలి. అది ఉండేది అతని దగ్గర.

కవర్లోని కాగితాలన్నీ అరుగు మీద పరిచి ఆ అమ్మాయి అడిగింది: "అత్తయ్యా, ఇన్ని కాగితాల్లో నేను అడుగుతున్నట్టు ఎక్కడుంది?"

నాకు వెంటనే నా కవరు గుర్తొచ్చింది. 2000లో నేనూ హెచ్-4 మీద వెళ్ళాను. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు. ఏలూరులో రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్ళాం. కవర్లో పెళ్ళిఫోటోలు, శుభలేఖ, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు. తలంబ్రాల ఫోటో ఎందుకూ అంటే, నేను భార్యననడానికి ఋజువు. నా ఎమ్మే పట్టా ఎవరూ అడగలేదు. అక్కడ గడువు పొడిగించుకోవడానికి ఐ-539 అనే ఫారం నింపాను. దాని మీద సంతకం నాదే. కానీ జతచేసిన ఋజువులన్నీ అతనివి. అతని ఉద్యోగం పోతే నా సంతకానికి విలువ లేదు. మూడేళ్ళు నేను ఉద్యోగం చెయ్యకూడని మనిషిగా బతికాను. ఆయన మంచివాడే. నేను తిరిగొచ్చెయ్యాలంటే కాదనలేదు కూడా. కానీ ఒక మనిషి మంచితనం మీద ఇంకో మనిషి నివాసహక్కు ఆధారపడితే దాన్ని హక్కు అనవచ్చా? ఆ ప్రశ్న అప్పటినించీ నన్ను వదల్లేదు.

చరిత్ర చదువుకున్నదాన్ని గనక పాత కాగితాల వైపు చూశాను. మన ప్రాంతం నించి సముద్రం దాటిన ఆడవాళ్ళ తొలి కాగితాలు గిర్మిట్ కూలీలవి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నించి 1830లలోనే తెలుగువాళ్ళు మారిషస్ వెళ్ళారు. 1903 నించి మద్రాసు మీదుగా ఫిజీకీ వెళ్ళారు. ప్రతి వంద మంది మగకూలీలకీ నలభై మంది ఆడకూలీలు ఉండాలని నిబంధన. కొరత తీర్చడానికి ఒంటరి ఆడవాళ్ళని వెతికి మరీ ఓడ ఎక్కించారు. ఎమిగ్రేషన్ పాసు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, వయసు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు అన్నీ రాసేవారు. అమెరికా వెళ్ళిన నాకు లేని సొంత కాగితం ఆ కూలిమనిషికి ఉంది! ఇది చదివినప్పుడు మొదట గర్వంలాంటిది కలిగింది. ఆ తరవాత అర్థమైంది, ఆ పాసు ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. అయిదేళ్ళ ఒప్పందంలో తోటల యజమానికి ఆమెని లెక్కపెట్టి అప్పగించిన రసీదు అది. వేలిముద్ర ఆమెదే కావచ్చు, ఒప్పందం మాత్రం యజమానిది. కూలీల సేకరణ 1917లో ఆగింది. ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి.

కూలీగా వెళ్ళిన స్త్రీకి కాగితం ఉంది. మరి భార్యగా వెళ్ళిన స్త్రీకో? దక్షిణాఫ్రికాలో 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. భర్త దగ్గరికి ఇండియా నించి వచ్చిన బాయి మరియం అనే ఆమెని దిగనివ్వలేదు. బహుభార్యత్వాన్ని ఒప్పుకునే మతాల పద్ధతిలో జరిగిన పెళ్ళి పెళ్ళి కాదన్నది తీర్పు సారాంశం. ఒక్క వాక్యంతో హిందూ, ముస్లిం స్త్రీలంతా చట్టం కళ్ళకి భార్యలు కాకుండా పోయారు. అప్పుడు ఆడవాళ్ళు సత్యాగ్రహంలోకి వచ్చారు. కస్తూరిబా జైలుకి వెళ్ళింది. మారిషస్‌లో పుట్టిన తంబి నాయుడి భార్య వీరమ్మాళ్, మరికొందరు ట్రాన్స్‌వాల్ స్త్రీలు న్యూకాజిల్ బొగ్గుగనులకి వెళ్ళి కార్మికులని సమ్మెకి పిలిచి జైలుపాలయ్యారు. 1914లో ఇండియన్ రిలీఫ్ చట్టం వచ్చింది. ఒక భర్తకి ఒక భార్యని దేశంలోకి రానిస్తామంది. మన చరిత్ర పుస్తకాలు దీన్ని విజయంగా రాస్తాయి. విజయమే, కాదనను. కానీ ఆ స్త్రీలు జైలుకి వెళ్ళి సంపాదించినది భర్త వెంట వచ్చే హక్కు. తన పేరున తాను వచ్చే హక్కు ఆ చర్చలోకే రాలేదు.

భార్యత్వం ఇలా తలుపు తెరిచే తాళంచెవి అయ్యాక, దాన్ని పరీక్షించే అధికారం కూడా పుట్టుకొచ్చింది. 1979 జనవరిలో లండన్ హీత్రో విమానాశ్రయంలో, పెళ్ళి చేసుకోవడానికి వచ్చిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి కన్యత్వ పరీక్ష చేశారు. కాబోయే పెళ్ళికూతురైతే ముందస్తు అనుమతి అక్కర్లేదు, అప్పటికే భార్య అయితే కావాలి. ఆమె ఏ కోవకి చెందుతుందో తేల్చడానికి ఆమె శరీరాన్నే దస్తావేజు చేశారు. ప్రభుత్వం మొదట బుకాయించింది. ఉపఖండంలోని బ్రిటిష్ కార్యాలయాల్లో కనీసం ఎనభై మందికి ఇలా జరిగినట్టు 2011లో బయటపడ్డ పాత ఫైళ్ళు చెప్పాయి. నా కవర్లోని తలంబ్రాల ఫోటోకీ ఈ పరీక్షకీ దూరం ఉంది. కానీ రెండూ అడిగేది ఒకటే: నువ్వు ఎవరి ఆడదానివి?

అమెరికా చట్టం ఈ ప్రశ్నని సొంత పౌరురాళ్ళనే అడిగింది. విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వం పోతుందని 1907లో చట్టం చేశారు. 1922లో దాన్ని సవరించారు గానీ, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి పెళ్ళాడితే మాత్రం పోతుందన్నారు. భారతీయులకి ఆ అర్హత లేదని 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తేల్చింది. ఆ మరుసటేడు తారకనాథ్ దాస్‌ని పెళ్ళాడిన మేరీ అమెరికాలో పుట్టి కూడా ఏ దేశమూ లేనిదయింది. మనవాళ్ళకి ద్వారం 1946లో ఏడాదికి వంద మంది చొప్పున తెరుచుకుంది, 1965 చట్టంతో బాగా తెరుచుకుంది. కోస్తా జిల్లాల డాక్టర్లూ, ఇంజనీర్లూ, వాళ్ళ వెనక భార్యలూ వెళ్ళారు. హెచ్-4 తోకగా ఉన్న ఇప్పటి హెచ్-1బి 1990 చట్టం తరవాతిది.

భర్త అర్జీ పెడతాడు, భార్య లబ్ధిదారు. ఇదీ ఏర్పాటు. ఇందులో అసలు కిటుకు సంతకం ఎవరిదన్నది కాదు, దాన్ని వెనక్కి తీసుకోగలిగేది ఎవరన్నది. పౌరుడైన భర్త భార్య కోసం ఐ-130 అర్జీ వేస్తే, మంజూరయ్యేలోగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. దొంగపెళ్ళిళ్ళని అరికట్టాలని 1986లో ఇంకో మెలిక పెట్టారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి మొదట రెండేళ్ళ షరతు నివాసమే ఇస్తారు. ఆ తరవాత ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకుంటేనే అది స్థిరపడుతుంది. అంటే కొట్టే మొగుడి చేతికి చట్టం రెండేళ్ళ కర్ర అందించింది.

ఇక్కడే న్యాయసహాయం చరిత్ర మొదలవుతుంది. న్యూజెర్సీలో 1985లో షమితా దాస్ దాస్‌గుప్తా, ఆమె స్నేహితులు కలిసి మానవి సంస్థని పెట్టారు. దక్షిణాసియా స్త్రీల మీద హింస గురించి అమెరికాలో పుట్టిన తొలి సంస్థ అది. ఇలాంటి సంస్థలకి వచ్చిన స్త్రీలకి విడాకుల కంటే ముందు కావలసింది దేశంలో ఉండటానికి ఒక కాగితం. ఆడవాళ్ళ సంఘాలూ, వలస చట్టాల న్యాయవాదులూ ఒత్తిడి చేస్తే 1990లో హింసకి గురైన భార్యకి ఉమ్మడి సంతకం నించి మినహాయింపు వచ్చింది. 1994లో స్త్రీలపై హింస నిరోధక చట్టం ఆమె తనంతట తాను అర్జీ వేసుకునే వీలు కల్పించింది. భర్తకి తెలియజెయ్యక్కర్లేదు, అతను వెనక్కి తీసుకోలేడు. బ్రిటన్‌లో సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ పోరాడితే 1999లో ఇలాంటి వెసులుబాటే వచ్చింది. గిర్మిట్ పాసు నించి చూసుకుంటే ఇది నిజంగా కొత్త మలుపు. ఆమె కోసం కాదు, ఆమే అర్జీదారు.

కానీ 1994 చట్టం పౌరుల, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళ భార్యలకే. హెచ్-4 భార్య బయటే ఉండిపోయింది. ఆమెకి మిగిలింది 2000లో వచ్చిన యు వీసా. నేరానికి గురై, పోలీసులకి సహకరించినట్టు ధ్రువపత్రం తెచ్చుకుంటే వస్తుంది. ఏడాదికి 10,000 మాత్రమే గనక ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 2015 మే 26 నించి కొందరు హెచ్-4 భార్యలకి పనిచేసే అనుమతి వచ్చింది. అదీ భర్త తరఫున అతని కంపెనీ వేసిన ఐ-140 అర్జీ మంజూరైతేనే, లేదా ఆ గ్రీన్‌కార్డు దారిలో అతనికి ఆరేళ్ళ గడువు దాటి పొడిగింపు దొరికితేనే. కంపెనీ అర్జీకి భర్త వేలాడుతుంటే, భర్తకి భార్య వేలాడుతుంది.

కువైట్ కాగితాల్లో ఈ వేలాడటం ఇంకా సూటిగా ఉంటుంది. ఇంటిపనికి 20వ నంబరు వీసా. అకామా కఫీల్ పేరు మీద నడుస్తుంది. 2015లో అక్కడ చేసిన 68వ చట్టం పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదంది. కానీ ఇల్లు వదిలి పారిపోయిందని అతను ఫిర్యాదు చేస్తే ఆమె నివాసమే నేరమవుతుంది. మన ప్రభుత్వమో, రక్షణ పేరుతో, ముప్ఫై ఏళ్ళు నిండని స్త్రీని ఇంటిపనికి గల్ఫ్ పంపకూడదంటుంది. ఫలితంగా వయసు పెంచిన కాగితాలతో, ఏజెంటు చెప్పిన దారిన వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. అలాంటి ఒకామె మా అరుగు మీదే కూచుని, అమెరికా కోడలి కథ అంతా విని, "ఈమెకీ కఫీలేనా అమ్మగారూ" అంది. మూడేళ్ళు నేను వెతుక్కున్న మాట అది.

ఇంక ఆ అమ్మాయి విషయం. నాకు బాగా తెలిసిన కేసు ఒకటుంది, వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసు. 1975లో తిరుపతిలో పెళ్ళి. భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రపు కోర్టు నించి 1980లో విడాకులు తెచ్చుకున్నాడు. అక్కడ తొంభై రోజులు నివాసముంటే చాలు. ఆమె వెళ్ళలేదు, అభ్యంతరం తెలుపుతూనే జవాబు పంపింది. అతను మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఇక్కడ క్రిమినల్ కేసు పెట్టింది. 1991 జులైలో సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవంది. విడాకుల కోసమే తొంభై రోజులుండటం నివాసం కాదంది. తాను మనస్ఫూర్తిగా ఒప్పుకోని విదేశీ కోర్టు అధికారానికీ, మన వివాహ చట్టంలో లేని కారణానికీ భార్య కట్టుబడక్కర్లేదంది. నివాసం అనే మాటకి ఒక తెలుగు స్త్రీ కోర్టుచేత అర్థం చెప్పించిందని మా విద్యార్థులకి నేనెప్పుడూ పాఠం చెప్పలేదు. సిలబస్‌లో లేదు. ఉండాల్సింది.

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. అమెరికా కోర్టు నించి నోటీసు వస్తే చించి పారెయ్యొద్దు, ఊరుకోనూవద్దు, ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోవడం లేదని ప్లీడరు చేత రాయించమన్నాను. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం ఉంది. అందుకని ఏలూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ఇద్దరం వెళ్ళాం. పాస్‌పోర్టు పోయినట్టు పోలీసులకి ఫిర్యాదు, మళ్ళీ ఇమ్మని దరఖాస్తు, జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నించి ఉన్న ఎన్నారై విభాగానికి అర్జీ. వాళ్ళమ్మ "కాపురం నిలబెట్టే అర్జీ ఏదైనా ఉందా" అని అడిగింది. ఏ దేశంలోనూ లేదని చెప్పాను. అమెరికా వీసాకి మాత్రం దారి కనిపించలేదు. ఆ మాటా దాచలేదు.

మొదటి అర్జీ మా అరుగు మీదే రాసింది. అర్జీదారు అన్నచోట కలం ఆగింది.

"ఇంటిపేరు ఏది రాయమంటారు అత్తయ్యా? పాస్‌పోర్టులో వాళ్ళదుంది."

పాతది మార్చేదాకా పాస్‌పోర్టులో ఉన్నదే రాయాలన్నాను. మార్చడానికి ఇంకో దరఖాస్తు ఉంటుందన్నాను. "అయితే అది కూడా ఇవ్వండి" అని చెయ్యి చాపింది.