మాటకు మారుమాట: పర్యాయ కోశాల పుట్టుపూర్వోత్తరాలు

మాట తెలిసి అర్థం తెలియనివాడికి అకారాది నిఘంటువు చాలు. అర్థం మనసులో ఉండి మాట నాలుక మీదికి రానివాడికి మాత్రం అది అక్కరకు రాదు. 'వెడల్పు' అని ఒకే పేరాలో రెండుసార్లు రాసి, మూడోసారి వేరే మాట కావాలనుకున్నామనుకోండి. ఆ మాట పక్కనే 'వెడలు' కనిపిస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. 'విశాలం' కొన్ని పేజీల వెనక ఉంటుంది, 'అడ్డకొలత' పుస్తకం మొదట్లో, 'పన్నా' ఎక్కడో మధ్యలో. ఒక ఇంటివాళ్లను తలో ఊళ్లో కాపురం పెట్టించినట్టు ఉంటుంది అకారాది క్రమం.

మన దేశంలో కోశాలు ఇలా పుట్టలేదు. అర్థం వరసనే పుట్టాయి. యాస్కుడు నిరుక్తంలో వ్యాఖ్యానించిన వైదిక పదాల పట్టిక పేరే నిఘంటువు. అందులో అయిదు అధ్యాయాలుంటే మొదటి మూడూ పర్యాయపదాలకే. భూమికి 21 పేర్లతో పట్టిక మొదలవుతుంది. నీటికి 101 పేర్లున్నాయి. మూడో అధ్యాయంలో 'గొప్పది, పెద్దది' అన్న అర్థానికి 25 మాటలున్నాయి. వివరణ ఏమీ ఉండదు. మాటలు వరసగా వస్తాయి, చివర ఇవి ఇన్ని అని లెక్క, అంతే. వేదం చదువుకునేవాడికి ఆ గుంపే అర్థం చెప్పేది.

ఆ పద్ధతిని లోకమంతటికీ విస్తరించినవాడు అమరసింహుడు. అమరకోశమని మనం పిలిచే పుస్తకానికి ఆయన పెట్టిన పేరు 'నామలింగానుశాసనం'. పేర్లూ, వాటి లింగాలూ నేర్పే పుస్తకమన్నమాట. స్వర్గం, దేవతలు, కాలం మొదటి కాండలో. భూమి, ఊరు, కొండ, అడవి, జంతువులు, మనుషులు, వాళ్ల వృత్తులు రెండో కాండలో. మిగిలినవి మూడో కాండలో. అంతా అనుష్టుప్ శ్లోకాలు, కంఠస్థం చేయడానికి. వస్తువు లోకంలో ఎక్కడుంటుందో తెలిస్తే దాని పేరు కోశంలో ఎక్కడుంటుందో తెలిసిపోతుంది.

వెడల్పు సంగతే చూడండి. పృథు, బృహత్, విశాల, విపుల, ఉరు లాంటి మాటలు మూడో కాండలో విశేష్యనిఘ్న వర్గంలో ఉన్నాయి. తాము ఏ విశేష్యంతో కలిస్తే దాని లింగం పుచ్చుకునే విశేషణాలకు ఆ వర్గం. కానీ కొలతగా వెడల్పు కావాలంటే అక్కడ వెతకకూడదు. అది రెండో కాండలో, మనుష్యవర్గంలో, బట్టల పేర్ల నడుమ ఉంది. పొడుగుకు దైర్ఘ్యం, ఆయామం, ఆరోహం. వెడల్పుకు పరిణాహం, విశాలత. పొడుగూ వెడల్పూ మనిషికి రోజూ పనికొచ్చేది గుడ్డ కొలిచేటప్పుడే అని ఆయనకు తోచినట్టుంది. నాకు అమరంలో అన్నిటికన్నా ముచ్చటగొలిపే చోటు ఇదే. మాటను అది బతికే చోటే ఉంచాడు.

తెలుగునాట అమరం తరతరాల చదువుకు పునాది. లింగయసూరి వ్యాఖ్యా, తెలుగు టీక గురుబాలప్రబోధికా దాన్ని ఇంటింటి పుస్తకం చేశాయి. తర్వాత మన మాటలకే అలాంటి కోశం కావాలన్న కోరిక పుట్టింది. పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామసంగ్రహం'లో అచ్చతెలుగు పేర్లను దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గాలుగా పద్యాల్లో కూర్చాడు. అందులో మిగిలిపోయినవాటిని ఆడిదము సూరకవి 'ఆంధ్రనామశేషం'లో చేర్చాడు. దూరాన పుదుక్కోటలో నుదురుపాటి వేంకనార్యుడు 'ఆంధ్రభాషార్ణవం' రాశాడు.

ఈ కోశాలు ప్రధానంగా కవుల కోసం. గణం కుదరాలి, యతి పడాలి. 'విశాలము' ఇమడని చోట 'వెడద' ఇముడుతుంది, లేకపోతే 'విరివి'. కాబట్టి మాటల బరువు చూశారు గానీ వాటి మధ్య తేడా చెప్పలేదు. ఈ లోటు మాత్రం పెద్దదే.

ఇంగ్లండులో ఇలాంటి పనే చేసినవాడు పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు. 1805లో తన వాడకం కోసం రాసుకున్న పదాల పట్టికను పెంచి పెంచి, డెబ్బై దాటాక, 1852లో 'థెసారస్'గా అచ్చువేశాడు. భావాలను ఆరు తరగతులుగా, వెయ్యి పద్దులుగా విభజించాడు. వెడల్పు, స్థలానికి సంబంధించిన తరగతిలో కొలతల కింద వస్తుంది. దానికి ఎదురుగా ఇరుకుదనం. తనకు తెలిసిన ఇలాంటి పుస్తకాల్లో అన్నిటికన్నా పాతదిగా తన పీఠికలో ఆయన చెప్పింది అమరకోశాన్నే. కోల్‌బ్రూక్ అనువాదంతో 1808లో సేరంపూర్‌లో అచ్చయిన ప్రతి అది. అయితే అమూర్త భావాల విషయంలో దాని వర్గీకరణ అస్తవ్యస్తమని తేల్చేశాడు. బట్టల మధ్య వెడల్పును చూస్తే ఆయనకు అలాగే అనిపించి ఉండవచ్చు. నేను ఒప్పుకోను.

ఇక్కడ మాత్రం సరిగ్గా ఆ కాలంలోనే గాలి మళ్లింది. బ్రౌన్ నిఘంటువులు వచ్చాయి, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరం' వచ్చింది. అకారాది క్రమం రాజ్యమేలింది. వెతుక్కోవడం సులువైంది గానీ అర్థం వరస చెదిరిపోయింది. జి.ఎన్. రెడ్డిగారి 'తెలుగు పర్యాయపద నిఘంటువు' ఆ ఖాళీని చాలావరకు పూడ్చింది. మరోవైపు భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశాలు మొదలయ్యాయి. 1962లో వ్యవసాయ పదాలతో ఒకటి, ఆ తర్వాత చేనేత పదాలతో ఇంకొకటి. రైతులూ నేతగాళ్లూ నోటితో చెప్పిన మాటలు పుస్తకానికెక్కాయి.

ఇక కావలసింది ఈ రెంటినీ కలిపి, తేడాలు కూడా చెప్పే కోశం. పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఒకటి కళ్లు మూసుకుని వాడేవి కావు. గదికి వెడల్పు కొలుస్తాం, మనసును విశాలమంటాం. చర్చ విస్తృతంగా జరుగుతుంది, వివరణ విపులంగా ఉంటుంది. విశాలంగా వివరించాడని ఎవరూ అనరు. కోర్టుకూ పోలీస్ స్టేషన్‌కూ ఉండేది పరిధి. 'విరివి' ఇప్పుడు 'విరివిగా' అన్న రూపంలోనే మిగిలింది, ధారాళంగా అన్న అర్థంలో. గుడ్డకైతే పన్నా. ఆ చివరి మాటకు పరిణాహం పక్కనే, అమరసింహుడు చూపిన చోటే, పీట వేయాలి.