కూచిపూడి నృత్య శిక్షణ వ్యయం

కూచిపూడి నృత్య శిక్షణ వ్యయం అనగా కూచిపూడి నాట్యం నేర్చుకొనే బాలబాలికల కుటుంబాలు గురువుకు ఇచ్చే రుసుము, ఆహార్యం, వాద్యబృందం, రంగప్రవేశం మొదలైన వాటికి పెట్టవలసి వచ్చే ఖర్చు. ఈ నాట్యానికి పుట్టినిల్లయిన కూచిపూడి గ్రామం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, కృష్ణా జిల్లా, మొవ్వ మండలంలో ఉన్నది. మేళాల కాలంలో ఈ ఖర్చును ప్రదర్శన ఇచ్చే బృందం, ప్రదర్శన చూసే ఊరు కలిసి భరించేవి. ఇరవయ్యవ శతాబ్దం ఉత్తరార్ధం నుండి అది క్రమంగా నేర్చుకొనే పిల్లల తల్లిదండ్రుల మీదికి మారింది.

మేళాల కాలం

గోల్కొండ నవాబు తానీషా (పాలన 1672-1687) కూచిపూడిని భాగవతుల కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల మొదలైన ఇంటిపేర్ల వారు తరతరాలుగా ఈ కళను కొనసాగించారు. స్త్రీ పాత్రలు కూడా పురుషులే ధరించేవారు. ఇంటి మగపిల్లవానికి తండ్రో, మేనమామో, పొరుగింటి పెద్దో అడుగులు నేర్పేవారు. దీనికి వేరుగా రుసుము ఉండేది కాదు. నేర్చుకున్న పిల్లవాడు ప్రహ్లాదుని వంటి బాలపాత్రలతో మేళంలో చేరి, పెరిగేకొద్దీ పెద్ద పాత్రలకు ఎదిగేవాడు. అందువల్ల శిక్షణ అన్నది కుటుంబానికి ఖర్చు కాక, ముందుముందు వచ్చే సంపాదనకు పెట్టుబడిగా ఉండేది.

ఆహార్యం కూడా చాలా భాగం స్థానికంగానే తయారయ్యేది. ఆభరణాలను బూరుగు వంటి తేలిక చెక్కతో చెక్కి, పైన రంగులు, తళుకులు అద్దేవారు. ముఖానికి అరదళం పూసేవారు. రాత్రంతా సాగే ప్రదర్శనకు దివిటీలే వెలుగు. ముఖ్యపాత్ర ప్రవేశించేటపుడు వాటిపై గుగ్గిలం చల్లి మంట పెద్దది చేసేవారు. నగలు, కిరీటాలు, దుస్తులు మేళానికి చెందినవి. సత్యభామ జడ ఒకటే, దానిని ఆ రాత్రి ఎవరు సత్యభామ అయితే వారు ధరిస్తారు. బృందానికి భోజనం, బస, సంభావన ప్రదర్శన పెట్టించిన గ్రామం చూసుకొనేది. అయితే ఈ ఏర్పాటు ఊరిలోని భాగవతుల కుటుంబాల మగపిల్లలకే పరిమితమైనదని గమనించాలి. ఆడపిల్లలకు, ఇతర కులాల వారికి అందులో చోటు లేదు.

ఏకపాత్ర నృత్యం, నగర పాఠశాలలు

వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు ఈ నాట్యం నేర్పిన తొలితరం గురువులలో ముఖ్యుడు. వెంపటి చినసత్యం (1929-2012) 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించాడు. ఇటువంటి గురువుల కృషి వలన ఏ కుటుంబపు పిల్లలైనా ఈ నాట్యం నేర్చుకొనే వీలు కలిగింది. నృత్యనాటకంతో పాటు ఒక్కరే చేసే ప్రదర్శన ప్రాధాన్యం పొందింది. నేర్చుకొనే వారిలో అత్యధికులు బాలికలయ్యారు. 2010 డిసెంబరు 26న హైదరాబాదులో 2,850 మంది ఒకేసారి హిందోళ తిల్లానా ప్రదర్శించి గిన్నిస్ రికార్డు నెలకొల్పడం ఈ వ్యాప్తికి ఒక సూచన.

తలుపులు తెరచుకోవడం, ఖర్చు పెరగడం ఒకే మార్పులోని రెండు పార్శ్వాలు. మేళంలో పదిమందికి కలిపి ఉన్న ఆహార్యం ఇప్పుడు ప్రతి విద్యార్థికీ విడిగా కావాలి. మేళం ఆదాయంపై బ్రతికిన గురువు ఇప్పుడు విద్యార్థులిచ్చే రుసుముపై బ్రతకాలి. ప్రదర్శనలకు వచ్చే పారితోషికం స్వల్పం కావడం వలన చాలామంది గురువులకు వేరే ఆధారం లేదు. కాబట్టి రుసుము పెరుగుదలను దురాశగా మాత్రమే చూడడం సరికాదు.

ఆహార్యం

తల్లిదండ్రులు మొదట ఊహించని ఖర్చు ఇదే. నృత్య దుస్తులను సాధారణంగా పట్టుచీర కత్తిరించి, విద్యార్థి కొలతలకు కుట్టిస్తారు. ఎదిగే పిల్లలకు అవి రెండు మూడేళ్ళకు మించి పట్టవు. అందుకని దర్జీలు లోపల అదనపు గుడ్డ మడిచి వదులుతారు. పాపిడిబిళ్ళ, సూర్యచంద్రులు, జడ, వడ్డాణం, కంఠాభరణాలు మొదలైన నగల తయారీకి తమిళనాడులోని నాగర్‌కోయిల్ ప్రాంతం పేరు పొందింది. గజ్జెలు, మేకప్ కళాకారుల రుసుము వీటికి అదనం. వార్షికోత్సవాలలో బృందనృత్యాలకు దుస్తులు అద్దెకు తెస్తారు. కొన్ని చోట్ల వేదికపై నిలబడే అవకాశం కొరకు తల్లిదండ్రులే నిర్వాహకులకు సొమ్ము చెల్లిస్తారు. ఊరు భాగవతులకు సంభావన ఇచ్చిన పద్ధతికి ఇది పూర్తిగా తలక్రిందులు.

రంగప్రవేశం

రంగప్రవేశం అనే తొలి పూర్తి ఏకపాత్ర ప్రదర్శన కూచిపూడి సంప్రదాయంలో మొదట లేదు. ఇది భరతనాట్యంలోని అరంగేట్రం నుండి వచ్చినది. మేళంలో ప్రతి పాత్రకూ ప్రవేశ దరువు ఉండేది గాని, నర్తకునికి వేరుగా ప్రవేశోత్సవం ఉండేది కాదు. ఇందులో సాధారణంగా పూజానృత్యం, జతిస్వరం, శబ్దం, భామాకలాపంలోని ప్రవేశ దరువు, ఇత్తడి పళ్ళెం అంచులపై నిలిచి చేసే తరంగం, పదం లేదా జావళి, తిల్లానా ఉంటాయి.

నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు వంటి వాద్యసహకారానికి, దానితో కలిసి చేసే అభ్యాసాలకు కళాకారులకు చెల్లించాలి. హైదరాబాదులో రవీంద్రభారతి, విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం వంటి వేదికలకు అద్దె, దీపాలంకరణ, ఆహ్వాన పత్రికలు, వీడియో చిత్రీకరణ, గురుసత్కారం, అతిథులకు భోజనాలు ఉంటాయి. ఇన్ని ఉన్నందువల్లనే దీనిని చిన్న పెళ్ళితో పోల్చడం పరిపాటి. ఇందులో నాట్యానికి తప్పనిసరి అయినవి కొన్నే. మిగిలినవి బంధుమిత్రుల ఎదుట కుటుంబ మర్యాదకు సంబంధించినవి.

అమెరికాలోని తెలుగు కుటుంబాలలో ఈ ఖర్చు మరింత ఎక్కువ. పిల్లలు కళాశాలకు వెళ్ళేలోపు రంగప్రవేశం పూర్తి చేయాలన్న ఆత్రం అక్కడ సామాన్యం. వాద్యబృందాన్ని భారతదేశం నుండి పి-3 వీసాపై రప్పిస్తే విమాన చార్జీలు, బస కూడా కుటుంబమే భరించాలి. ఒకే వేసవిలో పలు రంగప్రవేశాలకు ఆ బృందాన్నే పిలిచి, ప్రయాణ ఖర్చులు కొన్ని కుటుంబాలు పంచుకొనడం కలదు.

ప్రభుత్వ శిక్షణ, ఉపకార వేతనాలు

కూచిపూడి గ్రామంలోని సిద్ధేంద్ర యోగి కళాపీఠం, విజయవాడలోని ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వంటి సంస్థలలో ప్రైవేటు పాఠశాలల కంటే తక్కువ రుసుముతో శిక్షణ లభిస్తుంది. కాని ఇవి కొన్ని పట్టణాలకే పరిమితం.

కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం (సి.సి.ఆర్.టి.) 1982 నుండి 10-14 సంవత్సరాల పిల్లలను ఎంపిక చేసి ఉపకార వేతనాలిస్తున్నది. దీని క్రింద సంవత్సరానికి 3,600 రూపాయలు, దానికి అదనంగా గురువుకు చెల్లించిన రుసుములో 9,000 రూపాయల వరకు ఇస్తారు. అంటే నెలకు 300, 750 రూపాయలు. దుస్తులు, నగలు, వేదిక, వాద్యబృందం ఈ లెక్కలోకి రావు.

ఖర్చు తగ్గించే పద్ధతులు

రికార్డు చేసిన సంగీతంతో ప్రదర్శన ఇవ్వడం వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నది. తాళం తప్పితే సర్దుకొని వాయించే మృదంగం ఉండదు గనుక ఇది అభ్యాసానికి మంచిది కాదని కొందరు గురువుల అభిప్రాయం. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే వేదికపై కలిసి రంగప్రవేశం చేయడం, ఆలయ ప్రాంగణంలో భోజనాలు లేకుండా జరుపుకొనడం, పైతరగతి విద్యార్థినికి పట్టని దుస్తులను చిన్నవారు తీసుకొనడం కూడా ఉన్నాయి. 2020లో కోవిడ్ వలన తరగతులు అంతర్జాలానికి మారినపుడు రాకపోకల ఖర్చు తగ్గింది గాని, గురువు చేతితో పట్టి సరిచేయవలసిన అరమండి వంటి భంగిమలు తెరపై నేర్పడం కష్టమైంది. పేద విద్యార్థుల వద్ద రుసుము తీసుకొనని గురువులు కూడా ఉన్నారు. అటువంటి విద్యార్థులు సాధారణంగా చిన్నపిల్లలకు అడుగులు నేర్పుతూ, గురువుకు తరగతులలో సాయపడుతూ విద్య కొనసాగిస్తారు.