మన ఊరి వాద్యబృందం – బొంబాయి ఛాంబర్ ఆర్కెస్ట్రా

ఈ ఏడాది చరిత్ర వ్యాసానికి మా టీచర్ ఒక షరతు పెట్టారు. "రాజులు, యుద్ధాలు వద్దు. మీరుండే బొంబాయిలోనే మీకు తెలియని ఒక సంస్థ గురించి తెలుసుకుని రాయండి" అన్నారు. నేను బొంబాయి ఛాంబర్ ఆర్కెస్ట్రాను ఎంచుకున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ఛాంబర్ అంటే గది. వెనకటికి యూరప్‌లో రాజుల, ధనవంతుల ఇళ్ళల్లో ఒక గదిలో కూర్చుని వాయించే చిన్న బృందానికి ఈ పేరు వచ్చింది. సింఫనీ ఆర్కెస్ట్రాలో 80 నుండి 100 మంది దాకా ఉంటారు. ఛాంబర్ ఆర్కెస్ట్రాలో అందులో సగం కూడా ఉండరు. ముఖ్యంగా తీగల వాద్యాలే ఉంటాయి: వయొలిన్, దానికంటే కొంచెం పెద్దదైన వియోలా, కూర్చుని వాయించే చెల్లో, నిలబడి వాయించేంత ఎత్తుండే డబుల్ బాస్. వయొలిన్ వాళ్ళు రెండు జట్లుగా కూర్చుంటారు. ప్రతి జట్టు ముందు వేరే కాగితం ఉంటుంది. ఒక్కరి కాగితం చూస్తే పాట తెలియదు. అందరూ కలిస్తేనే పాట. అందుకే ఒక్కరు రాకపోయినా వెలితి తెలుస్తుంది.

మన నగరంలో ఈ సంగీతానికి పెద్ద ప్రయత్నం చేసినవారు మెహ్లీ మెహతా. ఈ పార్సీ వయొలిన్ విద్వాంసుడు 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. 1936లో పుట్టిన ఆయన కొడుకు జుబిన్ మెహతా ఇంట్లో ఆ సంగీతం వింటూ పెరిగి ప్రపంచ ప్రసిద్ధ కండక్టర్ అయ్యారు. కానీ 1950లలో తండ్రీకొడుకులిద్దరూ విదేశాలకు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత 1962లో జీనీ దిన్షా అనే సంగీత ఉపాధ్యాయురాలు బొంబాయి ఛాంబర్ ఆర్కెస్ట్రాను మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్ళు ఆమే దాన్ని నడిపించారు. ఇందులో వాయించినవాళ్ళు చాలామంది వేరే పని చేసుకుంటూ, సాయంత్రం రిహార్సల్‌కు వచ్చినవాళ్ళే.

ఆ రోజుల్లో వయొలిన్ వాయించేవాళ్ళకు అన్నం పెట్టింది హిందీ సినిమా. ఒక్కో పాటకు పదుల కొద్దీ వయొలిన్లు వాయించేవారు. గోవా క్రైస్తవులు, పార్సీలు అందులో ఎక్కువ. గోవాకు చెందిన ఆంథోనీ గోన్సాల్వెస్ 1958లో సినిమా వాద్యకారులతో ఒక సింఫనీ ఆర్కెస్ట్రాను ఏర్పాటు చేశారు. సంగీత దర్శకుడు ప్యారేలాల్ ఆయన శిష్యుడే. 1980ల తర్వాత సింథసైజర్ వచ్చింది. పదిమంది చేసే పని ఒక్క మెషీన్ చేయసాగింది. స్టూడియోల్లో పని తగ్గింది, వయొలిన్ నేర్చుకునే పిల్లలూ తగ్గారు. అయినా ఛాంబర్ ఆర్కెస్ట్రా ఆగలేదు. 2006లో నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా మొదలైంది. అందులో జీతం తీసుకునే విదేశీ వాద్యకారులు చాలామంది ఉన్నారు. అంతకుముందు నలభై ఏళ్ళకు పైగా మన నగరంలో ఈ దీపం ఆరిపోకుండా చూసిన వాళ్ళల్లో ఈ చిన్న బృందం ముఖ్యమైంది.

"ఇది మనది కాదు కదా" అని మా క్లాసులో ఒకరు అన్నారు. వయొలిన్ మనదే! రెండు వందల ఏళ్ళ కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలో అదే వయొలిన్ నేర్పారు. 1952లో యెహూదీ మెనూహిన్ భారతదేశం వచ్చినప్పుడు మద్రాసులో నాయుడు గారి వాద్యం విని మెచ్చుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. మా పెద్దలు నిజాం రాజ్యం నుండి కూలికి వచ్చిన కామాఠీలు. వాళ్ళ పేరు మీదే మా పేటకు కామాటిపురా అని పేరొచ్చింది. "ఈ బొంబాయికి రాళ్ళు మోసింది మనోళ్ళే బిడ్డా" అంటాడు మా తాత. మా చాల్‌లో శనివారం శనివారం తాత వాళ్ళ భజన జరుగుతుంది. ఒకప్పుడు పన్నెండు మంది కూర్చునేవారట. ఇప్పుడు నలుగురే. కొందరు పోయారు, కొందరు కళ్యాణ్, భివండీ వైపు మారిపోయారు. చాల్ కూల్చి కొత్త బిల్డింగులు కడతారని కూడా అంటున్నారు. "ఇంక మూటగట్టి పెడదాం తియ్" అని తాత హార్మోనియం మీద బట్ట కప్పేశాడు.

ఈ వ్యాసం రాసి తాతకు చదివి వినిపించాను. జీనీ దిన్షా గారి దగ్గర ఆపి, "ఆడమనిషా నడిపింది?" అని అడిగాడు. "అవును తాతా" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ నేను అడిగితే "ఆడపిల్లకెందుకు" అనేవాడు. ఆ శనివారం మాత్రం తాళాలు నా చేతికిచ్చి, "ముందు లయ తప్పకుండా కొట్టు, హార్మోనియం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

ఇప్పుడు మేం ఐదుగురం. నేను రెండుసార్లు లయ తప్పాను, ఎవరూ తిట్టలేదు. మీ చాల్‌లో కూడా ఇలాంటి భజన ఉంటే ఒక్క శనివారం వెళ్ళి కూర్చోండి. వాళ్ళు మీకోసమే చూస్తుంటారు.