మూసీ నదికి వేసిన కళ్ళెం

కన్నడదేశంలో తెలుగు పలుకు వినిపించే ప్రతి ఇంటా సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు ఆత్మీయంగా స్మరింపబడుతూ ఉంటుంది. ఆయన 1861లో నేటి చిక్కబళ్ళాపుర ప్రాంతంలోని ముద్దేనహళ్ళిలో జన్మించినా, ఇంటిపేరుగా నిలిచిన మోక్షగుండం గ్రామం నేటి ఆంధ్రప్రదేశ్‌లోనిది. ఆయన పూర్వీకులు అక్కడి నుండి మైసూరు సీమకు తరలివచ్చిన తెలుగువారు. కృష్ణరాజసాగరం ఆయన కీర్తికి శాశ్వత చిహ్నంగా వెలుగొందుతున్నది. అయితే దానికి ముందే హైదరాబాదు నగరాన్ని వరద బారి నుండి కాపాడేందుకు ఆయన రచించిన ప్రణాళికను గూర్చి మన పిల్లలకు తెలిసినది తక్కువ.

మూసీ నది వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి, ఈసీ అనే మరొక ఏటిని కలుపుకొని, హైదరాబాదు నగరం నడుమగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. వేసవిలో మోకాలి లోతైనా లేని ఆ ఏరు 1908 సెప్టెంబరు 28న మహోగ్రరూపం దాల్చింది. శంషాబాదులో 24 గంటల వ్యవధిలో 12.8 అంగుళాల వర్షం కురిసింది. అయితే ఒక్క వర్షమే ఆ విలయానికి కారణం కాదు. నది పరీవాహక ప్రాంతంలో నాడు 788 చెరువులు ఉండేవి. గొలుసుకట్టుగా ఒకదాని దిగువన ఒకటి ఉన్న ఆ చెరువులలో పై చెరువు తెగితే, ఆ నీరు కింది చెరువు కట్టపై విరుచుకుపడుతుంది. ఆ విధంగా 221 చెరువులు తెగిపోయాయి. ఆకాశం నుండి పడిన నీటికి, తరతరాలుగా మానవుడు నిలువ చేసుకొన్న నీరు కూడా తోడయింది.

నగరానికి కలిగిన నష్టం వర్ణనాతీతం. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని చెప్పుదురు. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయి, 1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూల్ ఒక్కటే రెండు గట్లకు మధ్య లంకెగా మిగిలింది. ఒడ్డునే ఇరుకిరుకుగా ఉన్న కోల్సావాడి వంటి పేటలు తుడిచిపెట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలను ఆశ్రయించి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకొన్నారని నగరవాసులు నేటికీ చెప్పుకొంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన సౌధాల ద్వారాలను నిరాశ్రయులకు తెరిపించారు.

అప్పటికే బొంబాయి ప్రభుత్వ సేవ నుండి వైదొలగి విదేశీ పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్య గారికి నిజాం ప్రభుత్వం ఆహ్వానం పంపింది. ఆయన 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరి, అదే సంవత్సరం అక్టోబరు నాటికి నివేదిక సమర్పించారు. ఆ స్వల్పకాలంలో వర్షపాత లెక్కలను, తెగిన చెరువుల వివరాలను సేకరింపజేసి, నాటి ప్రవాహం సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులని అంచనా కట్టారు.

ఆయన సూచించిన పరిష్కారం పెద్దలు మరువరానిది. అంతటి ప్రవాహాన్ని గోడలు ఎత్తి నగరం నడుమనే అదిమి ఉంచాలని ఆయన తలపెట్టలేదు. నగరానికి ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు కట్టి, వరద వచ్చినప్పుడు నీటిని అక్కడనే ఆపి, నది భరించగలిగినంత మేరకే దిగువకు వదలాలని చెప్పారు. ఇటువంటి జలాశయంలో కొంత భాగం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీయే నగరానికి రక్ష. చూసేవారికి అది వృథాగా కనిపించవచ్చును గాని, వరదనాడు దాని విలువ తెలుస్తుంది. దానితో పాటు గట్లను సరిచేయడం, ఒడ్డున ఉద్యానాలు పెంచడం, మురుగుకాలువలు నిర్మించడం కూడా ఆయన ప్రణాళికలో భాగాలు.

నివేదిక సమర్పించిన మరుసటి నెలలోనే ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. ఆయన సూచనలను కార్యరూపంలో పెట్టినది ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వం. గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. అవి వరదను ఆపడమే కాక నగరానికి మంచినీరు కూడా అందించాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ మురికి పేటలను తొలగించి కొత్త ఇళ్ళు కట్టించింది. నదికి ఇరువైపులా రాతిగోడలు వెలిశాయి. దక్షిణపు గట్టున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి, తరువాత 1930వ దశకంలో ఆసఫియా గ్రంథాలయం నిర్మింపబడి, ఆ తీరం నగరానికే ముఖశోభ అయింది. ఆ పాత చింతచెట్టు ఆసుపత్రి ఆవరణలో నిలిచిపోయింది.

తరువాతి కథ అంత ముచ్చటైనది కాదు. ఏళ్ళ తరబడి వరద రాకపోవడంతో నదిలో ఖాళీ స్థలమున్నదన్న భావం ప్రబలింది. ఇళ్ళు, కర్మాగారాలు లోనికి జరిగాయి. నగరపు మురుగంతా నదిలోకే చేరింది. 1994లో పెద్ద బస్సు స్టేషను సైతం నది నడుమ ఉన్న ఇమ్లీబన్ లంకలోనే ప్రారంభమైంది. ఇమ్లీబన్ అంటే చింతతోపు అని అర్థం! జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తర్వులోని ఆంక్షలను 2022లో ప్రభుత్వం తొలగించింది. 2020 అక్టోబరు వర్షాలకు నగర శివారులలోని చెరువులు తెగి కాలనీలు మునిగినప్పుడు, 1908 నాటి గొలుసుకట్టు పాఠం మరల జ్ఞప్తికి వచ్చింది.

నగర పరిధిలో సుమారు 55 కిలోమీటర్ల మేర మూసీ తీరాన్ని పునరుద్ధరించేందుకు 2017లో ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 2024లో నదీగర్భంలోని ఇళ్ళకు అధికారులు గుర్తులు వేయించగా, అక్కడి బీదజనం కన్నీరు మున్నీరయ్యారు. నదికి దాని చోటు తిరిగి ఇవ్వడం ఎంత న్యాయమో, కూలి చేసుకొని ఆ గట్టున గూడు కట్టుకొన్నవారికి పని దొరికే దూరంలో మరొక గూడు చూపడం అంతే న్యాయం. 1912 నాటి సంస్థ పేటలను తొలగించడంతో తృప్తి పడక ఇళ్ళు కూడా కట్టించిన సంగతి ఇక్కడ గమనార్హం.

2025 సెప్టెంబరు చివరి వారంలో రెండు జలాశయాల గేట్లు ఎత్తవలసి వచ్చింది. ఆ రాత్రి ఇమ్లీబన్ బస్సు స్టేషనులోకి మూసీ నీరు ప్రవేశించింది. ప్రయాణికులను సురక్షిత స్థలాలకు చేర్చి, బస్సులను నగరపు ఇతర దిక్కుల నుండి నడిపించారు.