మాడు ప్రక్క చిన్న రంధ్రము

అరకులోయ యనగానే మనకు కాఫీతోటలును, సొరంగముల గుండా సాగు రైలుబండియు జ్ఞప్తికి వచ్చును. ఆ కొండ గూడెములందు పురిటిబిడ్డ పాలు మానినచో తల్లి పడు కలవరము అంతగా స్ఫురింపదు. పాలు త్రాగకుండుట, ఒడలు కాలుట లేక చల్లబడుట, మూర్ఛలు, మాడు ఉబ్బుట - ఇవి మెదడునకు సోకిన వ్యాధి గుర్తులు కావచ్చును.

మెదడులో నీరు ప్రవహించు గదులు కలవు. సూక్ష్మజీవులు వానిలో చేరినచో చీము దారులను మూయును. నీరు నిలిచి తల పెరుగును. మందులు సూక్ష్మజీవులను చంపును గాని మూసికొనిన దారిని తెరువజాలవు.

ఆ దారి తెరచు యత్నము నూరేండ్లకు పైబడినది. 1910లో చికాగో మూత్రకోశ వైద్యుడు లెస్పినాస్, మూత్రాశయమును చూచు గొట్టమునే తలలో నీరు చేరిన ఇద్దరు శిశువుల మెదడులోనికి పంపెను. ఒక శిశువు మరణించెను. మరియొక శిశువు ఐదేండ్లు జీవించెను. 1923లో బోస్టను వైద్యుడు మిక్స్టర్ తొమ్మిది నెలల బిడ్డకు ఇట్టి గొట్టముతోనే మెదడులో నీటికి క్రొత్త దారి కల్పించెను. నాటి గొట్టములలో వెలుగు చాలనందున ఈ పద్ధతి వెనుకబడెను. 1950 తరువాత, నీటిని తలనుండి పొట్టలోనికో గుండెలోనికో మరల్చు సన్నని గొట్టమును చర్మము క్రింద అమర్చుట వాడుకయయ్యెను.

మన దేశమున 1949లో వెల్లూరునందు డాక్టరు జాకబ్ చాందీ, 1956లో విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రియందు డాక్టరు బాలపరమేశ్వరరావు మెదడు శస్త్రచికిత్సను నెలకొల్పిరి. అరకునుండి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు. చర్మము క్రింది గొట్టము పూడినచో బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. కొండవాసులకు చిక్కు ఇచ్చటనే కలదు.

ఇదే చిక్కును ఉగాండాలో డాక్టరు వార్ఫ్ ఎదుర్కొనెను. అచ్చటి శిశువులలో పెక్కుమందికి తలలో నీరు చేరుటకు అంటువ్యాధులే కారణమని గ్రహించి, 2001 నుండి ఎండోస్కోపుతో లోపలనే దారి కల్పించి, అనేకులకు గొట్టము అవసరము తప్పించెను. నేడు తగిన శిశువులను ఎంచి, కొన్ని మిల్లీమీటర్ల ఎండోస్కోపును మాడు ప్రక్కగా పంపి, గోరువెచ్చని ద్రవముతో చీమును కడిగి, అడ్డుపొరలను తెరచుచున్నారు. ఇది మందులకు తోడే గాని బదులు కాదు.

అయినను, బాటలేని గూడెములనుండి రోగులను డోలీలో మోసికొని వచ్చుట నేటికిని కలదు. కావున పై గుర్తులను తల్లియు, ఆశా కార్యకర్తయు ఎరిగియుండవలెను. రంధ్రము చిన్నదైనంత మాత్రమున చాలదు; బిడ్డ ఆసుపత్రి చేరు ఆలస్యమును మనము తగ్గింపవలెను.