తానున్న చోటి పేరు

జడ్చర్లలో పుట్టి అచ్చటనే ముసలియైన వాని చిరునామా ఎన్నిమారులు మారినదో తలంచుడు. 1948 సెప్టెంబరు వరకు నిజాము రాజ్యము. పిమ్మట భారత యూనియనులోని హైదరాబాదు రాష్ట్రము. 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుండి తెలంగాణము. మనిషి కదలలేదు, ఊరు కదలలేదు, పైపేర్లే మారినవి. కంప్యూటరులో పనిచేయు ప్రోగ్రామునకును ఇట్టి స్థితియే కలదు. ఆ చరిత్రను నేడు చెప్పబూనితిని.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను వ్యవస్థను ఆరంభించిరి. రిచీ కల్పించిన సీ భాషలో దానిని 1973లో తిరిగి వ్రాసిరి. అందు దస్తావేజులుండు అరలకు డైరెక్టరీలని పేరు. జిల్లాలో తాలూకా, తాలూకాలో గ్రామము వలె ఒకదానిలో నొకటి యుండును. ప్రతి ప్రోగ్రాము ఏదో యొక డైరెక్టరీలో నిలిచి పనిచేయును.

విచిత్రమేమనగా, డైరెక్టరీ తన పేరును తానెరుగదు. పొలమునకు సర్వే నంబరు వలె దానికొక సంఖ్య మాత్రమే కలదు. పేరు దానిపై డైరెక్టరీలోని జాబితాలో నుండును. ప్రోగ్రాము నిలిచిన చోటును వ్యవస్థ గుర్తుంచుకొన్నదియు ఆ సంఖ్యతోనే. కావున "నేనెచ్చట నున్నాను?" అని అడిగిన, సిద్ధమైన జవాబు లేకుండెను.

అందులకై పీ.డబ్ల్యూ.డీ. అను ఆజ్ఞను ఏర్పరచిరి. (మనవారికి ఆ అక్షరములు రోడ్లువేయు శాఖను జ్ఞప్తికి తెచ్చును; ఇది వేరు.) అది తన సంఖ్యను చూచుకొని, రెండు చుక్కల గుర్తుగల దారిన పై డైరెక్టరీకెక్కి, అచ్చటి జాబితాలో ఆ సంఖ్య కెదురుగా నున్న పేరును పట్టుకొనును. మరల పైకెక్కును. ఎక్కబోయినను తానున్నచోటి సంఖ్యయే తిరిగి వచ్చినపుడు మూలము చేరితినని గ్రహించి, పేర్లను వరుసగా కూర్చి చెప్పును. నడుమ పైపేరు మారినచో, ప్రోగ్రాము కదలకున్నను క్రొత్త జవాబే వచ్చును. దారిలో ఒక్క జాబితాను చదువ అనుమతి లేకున్న జవాబే చిక్కదు.

ఈ పనినే సీ ప్రోగ్రాములు చేసికొనుటకై బర్కిలీ విశ్వవిద్యాలయపు యూనిక్సులో గెట్‌డబ్ల్యూడీ అను సాధనము వచ్చెను. నాకది అవివేకపు కల్పనగా తోచును. పాత్ర ఎంతటిదో అడుగకయే జవాబును పోయును. జవాబు పెద్దదైన పొరలి ప్రక్కనున్న సమాచారమును చెరచును. 1988 నాటి పోసిక్స్ ప్రమాణములో చేరిన గెట్‌సీడబ్ల్యూడీ మొదట పాత్ర కొలతను అడుగును; చాలదేని తప్పు సూచించి ఊరకుండును. పాతదానిని ఆ ప్రమాణమునుండి 2008లో తొలగించిరి. లినక్స్ వ్యవస్థలో, 1990ల తుదినుండి, వ్యవస్థయే పేర్ల వరుసను జ్ఞాపకమందుంచుకొని జవాబిచ్చుచున్నది.

ఒక చిక్కు మాత్రము మిగిలినది. ప్రోగ్రాము నిలిచియుండగనే ఆ డైరెక్టరీని మరియొకరు తొలగింపవచ్చును. శ్రీశైలము జలాశయమున మునిగిన కృష్ణాతీర గ్రామముల నెరిగిన మనకిది వింత కాదు. పేరు జాబితా నుండి పోవును. ప్రోగ్రాము విడుచువరకు ఆ చోటు మాత్రము ఉండును. అప్పుడు గెట్‌సీడబ్ల్యూడీ నడిగిన, లినక్సులో, అట్టి చోటు లేదని జవాబు వచ్చును.